మరకలమ్మ ఉతకని కోటు

ఆ వీధిలో ఎవరి చొక్కా మీద ఏ మరక ఎప్పుడు పడిందో, ఆ చొక్కా తొడుక్కున్న మనిషి కంటే మరకలమ్మకే బాగా తెలుసు. డ్రైక్లీనింగ్ దుకాణం గుమ్మంలో ఎవరైనా అడుగు పెట్టారంటే ఆమె చూపు మొహం మీదికి పోదు. తిన్నగా కాలరు మీదికి, అక్కడి నుంచి చేతి కఫుల మీదికి, ఆ తర్వాత జేబు కిందికి పోతుంది. "ఇది టీ కాదు, కాఫీ. సబ్బు పెట్టి రుద్దారు కదూ? ఎవరు రుద్దమన్నారండీ మిమ్మల్ని? మరక పడితే ఊరుకోవాలి, నా దగ్గరికి రావాలి" అని తగులుకుంటుంది. జనం పిల్లల్లా నిలబడి చీవాట్లు తిని, రసీదు పట్టుకుని వెళ్ళిపోతారు. మళ్ళీ మరక పడితే మళ్ళీ అక్కడికే వస్తారు. ఆమెకు అసలు పేరంటూ ఒకటుంది. దుకాణం బోర్డు మీద ఓ మూల చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది కూడా. ఆ పేరుతో పిలిచే నాథుడు మాత్రం లేడు.

ఆమె భర్త కౌంటరు దగ్గర కూర్చుంటాడు. మాట తక్కువ మనిషి, కానీ ఆడిన మాట ఊరికే పోదు. "మా ఆవిడ నన్ను కూడా పెళ్ళయిన కొత్తలో బాగా నానబెట్టి పిండింది. రంగు వదల్లేదు కాబట్టి ఉంచుకుంది" అంటాడు, బిల్లు రాస్తూ, తల ఎత్తకుండా. లోపలి నుంచి ఇస్త్రీ పెట్టె దబ్బుమన్న చప్పుడు వినిపిస్తుంది. అదే ఆమె జవాబు.

ఈ పని ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, వాళ్ళ పెదనాన్న దగ్గర అబ్బింది. పెదనాన్న మిలటరీలో చేసి వచ్చిన మనిషి. తుపాకీ కంటే తీగచుట్ట ఎక్కువ మోశానని ఆయనే చెప్పుకునేవాడు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి టెలిఫోను తీగలు లాగడం, తెగినవి వెతికి అతకడం ఆయన పని. విరమణ అయ్యాక కూడా ఏడాదికోసారి పాత సైనికులందరూ కలిసి కవాతు చేసేవారు. దానికోసం ఆయన యూనిఫాం సిద్ధం చేసే రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా ఊపిరి తీయకూడదు. చిన్నప్పటి మరకలమ్మను స్టూలు మీద నిలబెట్టి, ప్యాంటు మీద నీళ్ళు చిలకరించి, "చూడు తల్లీ, ఒక కాలికి ఒక్కటే గీత. రెండు గీతలు పడితే ఎటు నడవాలో కాలికి తెలీదు" అనేవాడు. ఆ మాట ఆ పిల్ల బుర్రలో అచ్చుగుద్దినట్టు నిలిచిపోయింది. పెద్దయి, పెళ్ళయి, దుకాణం తెరిచినప్పుడు మొదటి బేరం ఆయనదే. పరాయివాడిలా వచ్చి, చొక్కా ఇచ్చి, రసీదు అడిగి తీసుకుని, మర్నాడు వచ్చి ఎడమ చెయ్యి సరిగ్గా రాలేదని గొడవ పెట్టుకుని వెళ్ళాడు. అంత గౌరవం తనకు జన్మలో ఎవరూ ఇవ్వలేదని ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆయనకు మూడు పతకాలున్నాయి. వాటి గురించి పిల్లలు అడిగితే రోజుకో కథ చెప్పేవాడు. మొదటిది పెద్ద నది ఈదినందుకని ఒకసారి, ఎలుగుబంటితో మాట్లాడినందుకని ఇంకోసారి. నడిమి పతకానికి మాత్రం కథ మారేది కాదు. "ఇదా? తుమ్మకుండా ఉన్నందుకిచ్చారు" అనేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఎందుకంటే ఆయన తుమ్ము మామూలు తుమ్ము కాదు. దుమ్ము వాసన తగిలితే చాలు, వరుసపెట్టి తుమ్మేవాడు. ఎదురింటి వాళ్ళు గోడ మీద పెట్టిన గ్లాసు ఆ అదురుకు కింద పడిందని అంటారు. ఆయన యూనిఫాంలో దిగిన ఫోటో ఒకే ఒక్కటి ఉంది. అందులో కూడా సరిగ్గా మీట నొక్కే సమయానికి తుమ్మాడు. ఒళ్ళంతా మనిషే, మెడ పైన మాత్రం మబ్బు.

ఆ పతకాలను తోమే బాధ్యత పెద్దమ్మది. ప్రతి ఆదివారం పొద్దున్నే పళ్ళపొడి, పాత మేజోడు తీసుకుని కిటికీ పక్కన కూర్చునేది. గోడకున్న కొక్కేనికి వేలాడే కోటు మీంచి పతకాల వరుసను విప్పి, తోమి, మెరిపించి, మళ్ళీ అవే కన్నాల్లో గుచ్చి పెట్టేది. పెదనాన్న ఉన్నన్నాళ్ళూ తోమింది. ఆయన పోయి ఏళ్ళు గడిచినా తోముతూనే ఉంది. ఆ ఇంటికి వెళ్ళిన వాళ్ళకు ఆదివారం అంటే పళ్ళపొడి వాసనే గుర్తు.

ఆ కోటు గురించి పెద్దమ్మకూ మరకలమ్మకూ మధ్య ఒక పాత యుద్ధం ఉంది. దాని ఎడమ కఫు మీద కాసు పాటి టీ మరక ఒకటి ఏళ్ళ తరబడి తిష్ట వేసుకుని కూర్చుంది. దాన్ని చూసినప్పుడల్లా మరకలమ్మకు చేతులు దురద పెట్టేవి. "ఒక్కసారి ఇవ్వు పెద్దమ్మా, కొత్తదానిలా చేసి తెస్తాను" అని ఎన్నిసార్లు బతిమాలిందో లెక్కలేదు. "నీ చేతికిస్తే మరకతో పాటు మనిషి వాసన కూడా వదలగొడతావు. పోవే" అని పెద్దమ్మ ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఇద్దరూ. కోటు కొక్కేనికే ఉంది.

అలా ఉండగా, ఊళ్ళో ఉన్న చిన్న మ్యూజియంలో ఊరి సైనికుల కోసం కొత్తగా ఒక గది తెరుస్తున్నామని, ఇళ్ళలో ఉన్న యూనిఫాంలు, పతకాలు తెచ్చి ఇస్తే పేరుతో సహా గాజు పెట్టెల్లో ఉంచుతామని కబురు వచ్చింది. ఆ మాట విన్న రోజే పెద్దమ్మ ట్రంకుపెట్టె తెరిపించింది. చొక్కా, ప్యాంటు, టోపీ, బెల్టు బయటికి తీయించి, కోటు మీది పతకాల వరుసను కూడా తన చేత్తోనే విప్పి మరకలమ్మ ఒళ్ళో పెట్టింది. కోటు ఊసు మాత్రం ఎత్తలేదు.

"ఆయన పేరు అచ్చులో చూడాలే అమ్మాయ్. గాజు వెనకాల, అందరూ చదివేట్టుగా. నా కళ్ళు ఇంకా అక్షరాలు పోల్చుకుంటున్నాయి. ఆలస్యం చేస్తే అవి కూడా సెలవు పెట్టేస్తాయి" అంది.

పెద్దమ్మ ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం మరకలమ్మ ఎరగదు. సరే చూద్దామని అనలేదు. "చూపిస్తాను" అని మాట ఇచ్చేసింది.

మాట ఇచ్చాక ఇక ఆగుతుందా? ఆ సరంజామా అంతా దుకాణానికి తెచ్చి, మిగతా గిరాకీ పక్కన పడేసి, బట్టల మీద పడింది. పాత చెమట మచ్చలు పోయాయి. టోపీ అంచు జిడ్డు పోయింది. చొక్కా కాలరు లోపల, ప్యాంటు నడుము పట్టీ లోపల ఒక నల్లటి మరక మాత్రం ససేమిరా అంది. చీమల బారు పాకి పాకి అలిసిపోయి పడుకున్నట్టు, ఏదో పాత సిరా మరక. ఒక మందు పెట్టింది, వదల్లేదు. ఇంకోటి పెట్టింది, లేత పడింది. చివరికి ఎప్పుడూ పై అరలో దాచే సీసా దించి, ఊపిరి బిగబట్టి, చుక్క చుక్కగా వేసింది. మరక మటుమాయం.

"ఇలారండి, చూడండి! ఎంత మొండి ఘటమో! నా దగ్గరా దాని వేషాలు?" అని కేక పెట్టింది.

భర్త వచ్చి చూసి, తెల్లగా మిలమిలలాడుతున్న నడుము పట్టీని వేలితో తాకి, "పాపం, ఇన్నేళ్ళు ఉంది అక్కడ" అన్నాడు. ఆ మాట అప్పుడు ఆమె చెవికెక్కలేదు.

మ్యూజియంలో ఆ గది చూసే ఆవిడను అందరూ మ్యూజియం మేడమ్ అంటారు. నెమ్మదస్తురాలు. పొడుగాటి బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, చేతులకు పల్చటి తొడుగులు వేసుకుని, చంటిపిల్లల్ని అందుకున్నట్టు ఒక్కో వస్తువునీ అందుకుంది. మరకలమ్మ ఎదురుగా కూర్చుని, మెచ్చుకోలు మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తోంది.

మేడమ్ ముందు పతకాలు తీసింది. భూతద్దం పెట్టి, ముందు వైపు చూడలేదు, వెనక వైపు చూడలేదు, అంచు చూసింది. గుండ్రంగా తిప్పుతూ మొదటి దాని అంచు, రెండోదాని అంచు, మూడోదాని అంచు. మళ్ళీ మొదటికి వచ్చింది.

"వీటి అంచు మీద సైనికుడి పేరు చెక్కి ఉంటుందమ్మా. ఇక్కడ ఏమీ లేదు. గాజుపలకలా నున్నగా ఉంది. వీటిని ఎవరైనా బాగా తోమేవారా?"

మరకలమ్మకు కిటికీ పక్కన పాత మేజోడు పట్టుకుని కూర్చున్న పెద్దమ్మ కళ్ళ ముందు కదిలింది. "తోమేవారండి... కొద్దిగా" అంది.

"ఫర్వాలేదు లెండి. బట్టల మీద నంబరు ముద్ర ఉంటుంది. ఎవరి బట్టలు ఎవరివో కలిసిపోకుండా ప్రతి సైనికుడికీ వేస్తారు. కాలరు లోపల, నడుము పట్టీ లోపల. నల్ల సిరాతో." అంటూ మేడమ్ చొక్కా కాలరు తిరగేసింది. ప్యాంటు నడుము తిరగేసింది. వెలుతురుకు పెట్టి చూసింది. "వింతగా ఉందే. ఇక్కడ కూడా..."

"వదలగొట్టానండి" అంది మరకలమ్మ.

"ఏమిటీ?"

"మరకనుకున్నానండి. మూడు మందులు పెడితే గానీ వదల్లేదు." ఏ ముక్క చెప్పుకుని మెప్పు పొందుదామని వచ్చిందో, ఆ ముక్కే ఇప్పుడు పీలగా, గాలి పోయిన బుడగలా బయటికి వచ్చింది.

మేడమ్ తొడుగులు విప్పి, కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు పైకప్పు కేసి చూసింది. కోప్పడి ఉంటే బాగుండేదని మరకలమ్మకు అనిపించింది. తిట్టడం, తిట్లు తినడం ఆమెకు అలవాటే. ఇలా ఊరుకునే వాళ్ళ ముందు ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.

"ఇక్కడో నియమం ఉందమ్మా. ఇంతకుముందొకాయన బజార్లో కొన్న పతకాలు తెచ్చి మా తాతవని చెప్పాడు. అప్పటినుంచి రుజువు లేకుండా పేరు రాయడం లేదు. మీ మాట మీద నాకు నమ్మకం ఉంది. కానీ కార్డు మీద అచ్చు వేయడానికి నమ్మకం చాలదు. వస్తువులు తీసుకుంటాను, జాగ్రత్తగా పెడతాను. కార్డు మీద మాత్రం 'పేరు తెలియని సైనికుడి వస్తువులు' అని రాయాల్సి వస్తుంది."

పేరు తెలియని సైనికుడు! వీధంతా వినిపించేట్టు తుమ్మిన మనిషి, రసీదు అడిగి మరీ పోట్లాడిన మనిషి, పేరు తెలియని వాడైపోవడమా? దానికన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆ కార్డు ముందు పెద్దమ్మ నిలబడితే, పేరెందుకు లేదని అడిగితే, ఏం చెప్పాలి? నేనే చెరిపేశానని చెప్పుకోవచ్చు, దానికి ఆమె సిద్ధమే. కానీ పతకాల మాటో? ప్రేమగా తోమి తోమి నువ్వే ఆయన పేరు అరగదీశావని ఆ ముసలావిడతో ఏ నోటితో అనడం?

"ఫోటో ఉందండి" అని చివరి ప్రయత్నంగా బయటికి తీసింది.

మేడమ్ చూసింది. "ముఖం ఏదమ్మా?"

"తుమ్మారండి."

మేడమ్‌కు నవ్వొచ్చింది, ఆపుకుంది, ఆగలేదు. ఆ నవ్వుతో ఇద్దరి మధ్యా బిగుసుకున్న గాలి కాస్త వదులైంది. కళ్ళు తుడుచుకుని, "ఆయనవి ఇంకేమైనా ఉన్నాయా? మీరు ఉతకనివి?" అని అడిగింది.

"ఒకటుందండి" అంది మరకలమ్మ, నేల చూపులు చూస్తూ. "ఇవ్వనంటే ఇవ్వనంది మా పెద్దమ్మ."

పెద్దమ్మ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. చేతులు ఖాళీగా ఉండటం వల్ల కాబోలు, ఒళ్ళో వాటిని ఎటు పెట్టాలో తెలియక అటూ ఇటూ మారుస్తోంది. మరకలమ్మ నీళ్ళు తాగింది. మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగింది. కిటికీ తలుపు కిర్రుమంటోందని, నూనె వేయించాలని అంది. ఏనాడూ లేనిది, గోడ మీది కోటు మరక గురించి ఒక్క మాటా అనలేదు.

పెద్దమ్మ ఓపిగ్గా విని, "ఏం చేశావే?" అంది.

"నేనేం చేశాను? ఏం చెయ్యలేదే."

"గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకుందట నీలాంటిదే. ఆ కోటు కింద కూర్చుని మరక మాట ఎత్తలేదంటే, నువ్వేదో పెద్ద ఘనకార్యమే చేసి వచ్చావు. చెప్పు."

చెప్పక తప్పలేదు. చొక్కా సంగతి, ప్యాంటు సంగతి, పై అరలోని సీసా సంగతి, అన్నీ చెప్పేసింది. చెప్తుంటే ఏడుపొచ్చింది. "ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆయన నంబరే చెరిపేశాను పెద్దమ్మా" అని ముక్కు చీదింది. పెద్దమ్మ ఏమంటుందోనని తలెత్తి చూస్తే, ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేట్టు నవ్వుతోంది.

"మూడు మందులా! నీ చేతులు పడిపోను... ఆయనుంటే నీకు పతకం ఇచ్చేవాడే!" అని కాసేపు ఆయాసపడి, శాలువాతో కళ్ళు ఒత్తుకుని, మామూలు గొంతుతో అంది. "మరి పతకాల మీద పేరు లేదని అనలేదా ఆవిడ?"

ముక్కు తుడుచుకుంటున్న మరకలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నాకు తెలీదనుకున్నావా? తోమిన చెయ్యి నాది. నడిమిదాని మీద ముందు చివరి అక్షరం పోయింది. తర్వాత దాని పక్కది. ఏ అక్షరం ఎప్పుడు పోయిందో అన్నీ ఎరుగుదును. మొదట్లో భయపడి ఆయనకు చూపించాను. ఇక తోమనండీ, మీ పేరు అరిగిపోతోంది అన్నాను. 'నా పేరు నాకు తెలుసు, నీకూ తెలుసు. మెరుపు తగ్గితే మాత్రం కవాతులో పక్కవాడు నవ్వుతాడు. తోము' అన్నాడు."

"మరి ఆయన పోయాక? అప్పుడైనా ఆపచ్చు కదా పెద్దమ్మా?"

"అప్పుడు ఆపితే ఆదివారం ఏం చేసుకోనే?"

మరకలమ్మ లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. కాసేపటికి పెద్దమ్మే అంది. "అందుకేగా అచ్చులో చూడాలన్నాను. నా చేత్తో చెరిపింది, నా కళ్ళతో మళ్ళీ చూసుకోవాలి. అంతే నా ఆశ."

"పేరు తెలియని సైనికుడని రాస్తారట పెద్దమ్మా" అని అప్పుడు అసలు మాట చెప్పింది మరకలమ్మ. "ఆ కోటొక్కటే ఇక మనకు దిక్కు. నేను ముట్టుకోని బట్ట అదొక్కటే."

పెద్దమ్మ కోటు వైపు చాలాసేపు చూసింది. తర్వాత తనే లేచి, కొక్కేనికున్న కోటు దించి, ఒకసారి ముఖానికి ఆనించుకుంది. "ఉతకనని ప్రమాణం చెయ్యి" అంది.

"నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు? ఇవ్వాళో రేపో పోయేదాన్ని. నీ ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి."

ఇస్త్రీ పెట్టె మీద ఒట్టేసి కోటు అందుకుంది మరకలమ్మ. అందుకోగానే, అలవాటైన కళ్ళు కాబట్టి, ఎడమ వైపు గుండె మీదికి పోయాయి. "ఇదేంటి పెద్దమ్మా, ఇక్కడ ఇంత మరక? ఎప్పుడూ చూడలేదే!"

"ఎలా చూస్తావు, ఎప్పుడూ పతకాలే ఉండేవి కదా. మొన్న విప్పినప్పుడు నీ చూపంతా పతకాల మీదే. మరక కాదే మొద్దూ, అది అసలు రంగు. ఇన్నాళ్ళూ కిటికీ ఎండకు కోటంతా వెలిసిపోయింది. పతకాల కింద మాత్రం ఎండ పడలేదు."

నిజమే. వెలిసిన బట్ట మీద, పైన పొడుగాటి పట్టీ, దాని కింద మూడు గుండ్రాలు, కొత్తలో కోటుకున్న ముదురు రంగులో అలాగే నిలిచి ఉన్నాయి. ఏ మందుతోనూ రాని రంగు అది, ఏ మందుతోనూ పోని రంగు కూడా. మరకలమ్మ ఆ గుండ్రాల మీద వేలు పెట్టబోయి, మళ్ళీ ఎందుకొచ్చిన గొడవని చెయ్యి వెనక్కి తీసుకుంది.

కోటు మ్యూజియానికి చేరే లోపు ఒక రాత్రి దుకాణంలో ఉండాల్సి వచ్చింది. అది ఆమె జీవితంలోకెల్లా పెద్ద పరీక్ష. టీ మరక ఎదురుగా ఉంది. సీసాలు అరలో ఉన్నాయి. భర్త ఒకసారి కోటు వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, "పోనీ పైపైన దుమ్మైనా..." అని బ్రష్షు అందుకోబోయాడు. "చెయ్యి తీయండి!" అని అరిచిన అరుపుకు ఆయన చేతిలో బ్రష్షు జారిపోయింది. తర్వాత ఆమె కోటును తెల్ల దుప్పటిలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఆయనకే ఇచ్చింది. "నేనడిగినా ఇవ్వకండి" అంది.

మర్నాడు మ్యూజియం మేడమ్ కోటు లోపలి జేబును మెల్లగా బయటికి తిప్పింది. ఆ జేబు గుడ్డ మీద నల్ల సిరా నంబరు, కాస్త మసకబారినా, ఒక్క అంకె కూడా చెడకుండా ఉంది. మరకలమ్మ గుండె నిండా గాలి పీల్చుకుంది. మేడమ్ పతకాల వరుసను తెచ్చి ఆ ముదురు మచ్చల మీద ఆనించింది. పిన్ను పాత కన్నాల్లోకి తనంతట తనే దారి ఎరిగినట్టు దిగింది. గుండ్రం మీద గుండ్రం, మూత పెట్టినట్టు సరిపోయింది. మూడో పతకం కొంచెం పక్కకు వంగి వేలాడేది. కోటు మీది మూడో గుండ్రం కూడా అంతే పక్కకు ఉంది.

"ఈ నీడ ఒక్క రోజులో పడేది కాదు, ఎవరూ దొంగగా వేసేది కాదు" అంది మేడమ్, భూతద్దం పక్కన పెట్టి. "ఈ కోటును ఒక్కసారి ఉతికి ఉంటే జేబులో నంబరు కూడా పోయేదేమో కదమ్మా?"

"నా చేతిలో అయితే తప్పకుండా పోయేదండి" అని మరకలమ్మ ఒప్పుకుంది.

నంబరు దొరికాక మిగతాది మేడమ్ చూసుకుంది. పాత సైనిక దస్తరాల్లో ఆ నంబరు పట్టుకుని వెతికితే పెదనాన్న పేరు దొరికింది, పతకాలు మూడూ దొరికాయి. నడిమిది ఎందుకిచ్చారో కూడా దొరికింది. ఆ సంగతి చెప్పడానికి ఆవిడ ఆగలేక తనే దుకాణానికి నడిచి వచ్చింది. పెద్దమ్మను కూడా అప్పటికప్పుడు పిలిపించారు. కౌంటరు ముందు స్టూలు వేసి కూర్చోబెట్టారు.

"మిట్టమధ్యాహ్నం తెగిన తీగ అతకడానికి వెళ్ళారట. ఇంతలో శత్రువుల దళం వచ్చింది. పక్కనే ఎండుగడ్డి వాము ఉంటే అందులో దూరారు. వాళ్ళు సరిగ్గా ఆ వాముకే చేరగిలబడి కూర్చుని, తిని, ఒక కునుకు తీసి, పొద్దువాలాక వెళ్ళారట. అంతసేపూ ఆయన ఆ గడ్డి దుమ్ములో చప్పుడు చెయ్యకుండా పడుకుని, వాళ్ళు పోగానే బయటికొచ్చి తీగ అతికారు. దాని మీద వెళ్ళిన కబురు వల్ల చాలామంది బతికారు" అంది మేడమ్.

ఇస్త్రీ పెట్టె బుసబుసమంటోంది. గడ్డి దుమ్ము! పెదనాన్న! మరకలమ్మ పెద్దమ్మ వైపు చూసింది, పెద్దమ్మ మరకలమ్మ వైపు చూసింది.

"తుమ్మకుండా ఉన్నందుకు!" అన్నారిద్దరూ ఒక్కసారే.

"ఎన్నేళ్ళు చెప్పాడు, ఎన్నేళ్ళు నవ్వాం!" అని పెద్దమ్మ తల కొట్టుకుంది. "అబద్ధాలన్నీ నమ్మి, నిజమొక్కటీ నవ్వి పారేశాం కదే! అమ్మో, ఆ మనిషికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ రోజు తుమ్మని తుమ్ములన్నీ దాచిపెట్టుకుని వచ్చి జీవితమంతా నా నెత్తిన తుమ్మాడు."

గది తెరిచిన రోజున పెద్దమ్మ మంచి శాలువా కప్పుకుని వచ్చింది. ఒక పక్క మరకలమ్మ, ఇంకో పక్క ఆమె భర్త. గాజు పెట్టెలో కోటు నిలబడి ఉంది. పతకాలు దాని మీద గుచ్చలేదు. పక్కన మెత్తటి గుడ్డ మీద పెట్టి, కోటు మీద వాటి నీడను అలాగే అందరికీ కనిపించేట్టు వదిలేశారు. ఉతికి తెల్లబడ్డ చొక్కా, ప్యాంటు కూడా పద్ధతిగా మడిచి ఓ మూల ఉన్నాయి. ప్యాంటు కాలికి ఒక్కటే గీత. వాటి కింద కార్డు. కార్డు మీద నల్లటి పెద్ద అక్షరాల్లో పెదనాన్న పేరు.

పెద్దమ్మ గాజుకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళింది. వేలు పెట్టి, పేరును చివరి నుంచి చదవడం మొదలుపెట్టింది.

"అటునుంచి కాదు పెద్దమ్మా, ఇటునుంచి" అంది మరకలమ్మ.

"నాకు తెలుసులే. ముందు పోయింది ఇదీ" అని చివరి అక్షరం మీద వేలు ఆనించింది. "తర్వాత ఇది పోయింది. ఆ ఏడు వానలెక్కువ. ఇది పోయినప్పుడు నీ పెళ్ళి. ఇది చాలా కాలం నిలబడింది, గట్టి అక్షరం..." అలా ఒక్కోదాన్నీ వేలితో పలకరిస్తూ మొదటి అక్షరం దాకా వెళ్ళింది. "ఇది ఆయన పోయాక పోయింది" అంది. అక్కడ వేలు చాలాసేపు ఆగింది. తర్వాత చెయ్యి తీసి, శాలువా సర్దుకుని, "అన్నీ వచ్చేశాయే. ఒక్కటీ తప్పలేదు. ఇక పద, కాళ్ళు లాగుతున్నాయి" అని భర్త చెయ్యి పట్టుకున్నట్టే అల్లుడి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

గాజు మీద, పేరు పొడుగునా, వేలి జిడ్డు చారలు చారలుగా మిగిలింది. మధ్యలో ముక్కు ఆనిన చోట ఒక గుండ్రటి మచ్చ కూడా పడింది. మరకలమ్మ చెయ్యి అలవాటుగా సంచిలోకి పోయింది. అందులో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ ఉంటుంది. గుడ్డ బయటికి వచ్చింది కూడా.

గది ఊడ్చే ఆవిడ అది చూసి, "నేను తుడుస్తాను లెండి అమ్మగారూ, మీకెందుకు శ్రమ" అంటూ ముందుకొచ్చింది.

"వద్దమ్మా. ఈ ఒక్క రోజూ ఉండనివ్వండి" అంది మరకలమ్మ.

గుడ్డను మళ్ళీ సంచిలో కుక్కేసింది. వెళ్ళబోతూ కోటు ఎడమ కఫు మీది టీ మరకను పళ్ళు బిగబట్టుకుని ఒకసారి చూసి, దానికి కూడా సెలవు చెప్పినట్టు తల ఊపి, పెద్దమ్మ వెనకాల బయటికి నడిచింది.